రాజనర్సు ప్రాణభయం

రాజనర్సును చంపాలని ఎవరూ అనుకోలేదు. ఆయన బాధంతా అదే.

సిరిసిల్లలో ఆయనకు పదహారు సాంచెలున్నాయి. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. ముందు ఇల్లు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో పొద్దంతా చెవులు పగిలే చప్పుడు, రెండింటికీ కలిపి ఒకటే ఇనుప గేటు. పదహారు సాంచెలున్న మనిషిని ఊరు ఆసామి అంటుంది. సేటు అనాలంటే ఇంకో ముప్పై అయినా ఉండాలి. రాజనర్సు తనను తాను సేటు అనే అనుకునేవాడు. ఆ సంగతి ఊరికి ఇంకా అందలేదు.

అవి తొంభై ఒకటో సంవత్సరం రోజులు. అప్పట్లో మనిషి ఎంత పెద్దవాడో తేల్చే పని ఆస్తులూ బిరుదులూ మానేశాయి. ఆ పని అడవిలోని అన్నలు చేసేవారు. ఎర్ర సిరాతో వాళ్ల ఉత్తరం ఎవరి ఇంటికొస్తే వాడు పెద్దమనిషి. ఆ ఉత్తరం పట్టుకుని పైఅధికారుల చుట్టూ తిరిగితే సర్కారు ఒక గన్‌మన్‌ను ఇచ్చేది. వెనక తుపాకీ నడుస్తుంటే, ముందు నడిచేవాడు నిన్నటిదాకా ఎవరైనా సరే, జనం లేచి నిలబడేవారు.

ఆ ఎండాకాలం కోరుట్లలో చుట్టాల పెళ్లికి రాజనర్సు తన భార్య ఊర్మిలతో పోయాడు. అక్కడికి ఆయన తోడల్లుడు భూమయ్య వచ్చాడు. భూమయ్య ఊర్మిల అక్క గౌరవ్వ భర్త, తునికాకు కాంట్రాక్టరు. రెండేళ్ల కింద ఇలాంటి పెళ్లికే లూనా మీద వచ్చి, పెట్రోలు అయిపోతే రాజనర్సు చేతనే తోయించుకున్న మనిషి. ఇప్పుడు జీపు దిగాడు. అటొక గన్‌మన్, ఇటొక గన్‌మన్. పెళ్లికూతురి తండ్రి అల్లుడి కాళ్లు కడుగుతున్నవాడల్లా చెంబు అక్కడే పెట్టి ఎదురుపోయాడు.

ముందు వరసలో కూర్చున్న రాజనర్సు భుజం మీద ఎవరో చెయ్యి వేశారు.

"జెర లేవు తమ్మీ. గన్‌మన్ సార్లు కూసుంటరు."

తోడల్లుడి కోసం లేవమన్నా ఆయన సర్దుకునేవాడే. గన్‌మన్ కోసం లేచాడు. మూడో బంతిలో కూర్చునేసరికి కూరలో ముక్కలు అయిపోయి పులుసు మిగిలింది.

తిరుగు బస్సులో ఊర్మిలను అడిగాడు. "మీ అక్క మొగనికి నాకంటె ఏం ఎక్కువున్నదని ఇద్దరు గన్‌మన్లు?"

"సావుభయం ఎక్కువున్నది" అంది ఊర్మిల. "మా అక్క బుక్కెడు బువ్వ తినలే. చూసినవా?"

"నేను మాత్రం ఏం తిన్న? తునకలు అయిపోయినయ్."

ఊర్మిల కిటికీ వైపు తిరిగింది. ఆమెకు భర్తతో మాట్లాడీ మాట్లాడీ కిటికీ వైపు తిరగడం బాగా అలవాటైంది.

మరుసటి సోమవారం రాజనర్సు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎస్సై దగ్గరికి పోయాడు. తనకు ప్రాణభయం ఉందనీ, ఒక్క గన్‌మన్ చాలుననీ, ఇద్దరు అక్కర్లేదనీ వినయంగా చెప్పుకున్నాడు.

"ఉత్తరం అచ్చిందా?" అన్నాడు ఎస్సై.

"ఇంకా రాలే సార్."

"ఎవలన్న ఇంటికచ్చి బెదిరించిండ్రా?"

"లేదు సార్."

"మరి నిన్నెవలు సంపుతరయ్యా?"

రాజనర్సు నిజాయితీగా ఆలోచించాడు. బాకీ విషయంలో పాలివాళ్లతో పడదు, పక్కింటివాళ్లతో మురికినీళ్ల మోరీ పంచాయితీ ఉంది. చంపేంతటి వాళ్లు ఎవరూ తట్టలేదు.

"నీకు గన్‌మన్‌ను ఇస్తే వాడు నీ ఎనక తిరిగి తిరిగి నిద్రవోతడు. ఇంటికి పో" అన్నాడు ఎస్సై. అవమానించాలని కాదు, ఆయనకు వేరే పనులున్నాయి.

అప్పుడే జగిత్యాలలో గంగారాం సంగతి తెలిసింది. గంగారాం ఎనిమిదేళ్లు బహ్రెయిన్‌లో కరెంటు పని చేసి వచ్చి, బస్టాండు పక్కన గల్ఫు సామాన్ల దుకాణం పెట్టాడు. టేపు రికార్డర్లు, సెంటు సీసాలు, తలనొప్పి మందు డబ్బాలు. వాటి మధ్య అద్దాల బీరువాలో, ఎవరూ కొనక దుమ్ము పట్టిన ఒక అట్టపెట్టె. దానిలో రెండు ముక్కల మిషను. సబ్బుపెట్టె అంతటి ముక్కను గేటు స్తంభానికి బిగించాలి, దానికి నల్లటి కన్ను ఉంటుంది. రెండోది చిన్న రేడియోలా ఉంటుంది, అది ఇంట్లో పెట్టుకోవాలి. కన్ను ముందు నుంచి ఏది కదిలినా ఇంట్లోది కీచుమని మోగి ఎర్ర దీపం వెలుగుతుంది. రెండింటికీ మధ్య వైరు లేదు.

"వైరు లేకుంట దానికెట్ల ఎరుకైతది?" అన్నాడు రాజనర్సు.

"గాలిల పోతది సేటూ."

సేటు అన్న మాటతోనే బేరం సగం కుదిరిపోయింది.

"అక్కడ అరబ్బులు దొంగల కోసం పెట్టుకున్నరా, దుష్మన్ల కోసమా?"

"మా షేకు చుట్టాల కోసం పెట్టుకుండు" అన్నాడు గంగారాం. "ఖర్జూర తోట గేటు కాడ మోగంగనే లోపల ఖావా, అదే వాళ్ల కాఫీ, కాగవెడుదురు. చుట్టం గద్దె మీద కూసునే యాల్లకు గ్లాసు చేతిల ఉండాలె."

ఈ ముక్క మాత్రం సిరిసిల్లలో ఎవరికీ చెప్పొద్దని రాజనర్సు గంగారాం చేత మాట తీసుకున్నాడు.

మిషను బిగించే రోజు వాడకట్టంతా గేటు ముందర చేరింది. రాజనర్సు ఎవరికీ ఏమీ వివరించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, "ఏం జేస్తం, రోజులు మంచిగ లెవ్వు" అని మాత్రం అన్నాడు. హోటల్లో ఎవరో గుచ్చి అడిగితే గొంతు తగ్గించి, "ఎవలకు చెప్పకుండ్రి గని, పైన నా పేరు తిరుగుతున్నదట" అన్నాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు కాబట్టి అది సాయంత్రానికల్లా అందరికీ తెలిసింది.

మిషను తన పని తాను చేసింది. పాలామె వస్తే మోగింది. మేక వస్తే మోగింది. గాలికి ఎగిరిన సిమెంటు సంచి కాగితానికీ మోగింది. మోగినప్పుడల్లా రాజనర్సు నడిమింట్లోకి పోయి గొళ్లెం పెట్టుకుని, ఎవరో చూసి రమ్మని ఊర్మిలను పంపేవాడు.

"నన్ను సంపితే పర్వాలేదా?" అని ఆమె ఒకసారి అడిగింది.

"వాళ్లు ఆడోళ్లనేమనరు" అన్నాడు తలుపు వెనక నుంచి. తన శత్రువుల మంచితనం మీద ఆయనకు అంత నమ్మకం.

నాలుగైదు రోజులకు గొళ్లెం వేసీ తీసీ విసుగొచ్చి, కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆయనకు ఒక కొత్త సంగతి కనబడింది. ఎక్కువసార్లు మోగేది వచ్చేవాళ్ల వల్ల కాదు, పోయేవాళ్ల వల్ల. షెడ్డులో పనిచేసేవాళ్లు చాయకనీ బీడీకనీ బయటికి పోతుంటే మోగుతోంది. ఇన్నేళ్లుగా తన గేటులోంచి ఇంతమంది ఇన్నిసార్లు పోతున్నారని ఆయనకు తెలియదు. ప్రాణభయం కాస్త పక్కకు పెట్టి, మిషను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

దుర్గవ్వ యాభై ఏళ్ల మనిషి. పదిహేనేళ్లుగా ఆ షెడ్డులో నూలు కండెలు చుడుతోంది. ఆ రోజు ఆమె బయటికి పోయి వస్తుంటే రాజనర్సు ఆపాడు.

"దుర్గవ్వా, పొద్దటిసంది మూడుసార్లు మోగినవ్."

"నేనెందుకు మోగుత ఆసామీ?"

"మిషను చెప్తున్నది. నేను గాదు."

"షెడ్డుల ఆడోళ్లకు జాగ లేకపాయె. వాగు దిక్కు పోకుంటే ఏడికి పోవాలె? మీ ఇంట్లకు రావాల్నా?"

 రాజనర్సు పూటకు ఒక్కసారే గేటు దాటాలని మరునాడు షెడ్డులో చెప్పించాడు. మగవాళ్లు బీడీలు మానుకున్నారు. ఆడవాళ్లు నీళ్లు తాగడం మానుకున్నారు. అది జూన్ మొదటి వారం, రేకుల కింద నిలబడితే నెత్తి మాడే కాలం. దుర్గవ్వ పక్కన కండెలు చుట్టే మనిషి మధ్యాహ్నం కళ్లు తిరిగి పడితే, ముఖాన నీళ్లు చల్లి లేపి కూర్చోబెట్టారు. రాజనర్సుకు ఆ సంగతి తెలియలేదు. పడిపోయినవాళ్ల కోసం మిషను మోగదు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. మేకకూ కాగితానికీ మోగిన మిషను దీనికి వేరేగా ఏమీ మోగలేదు. ఉత్తరం నూలు సంచిలో, సంచి పనివాడి భుజం మీద, మామూలు వేళకు మామూలుగా లోపలికి వచ్చింది.

"రాజనర్సు గారికి. మీ గేటుకు పెట్టిన యంత్రం మీద ప్రజలకు కొన్ని అనుమానాలున్నాయి. బుధవారం మధ్యాహ్నం చందుర్తి అవతలి గుట్ట దగ్గరికి వచ్చి వివరించగలరు. యంత్రం వెంట తేగలరు."

మొదటిసారి చదివినప్పుడు రాజనర్సు ఛాతీ పొంగింది. "గారు అని రాసిండ్రు" అని ఊర్మిలకు చూపించాడు. రెండోసారి చదివి పీట మీద కూర్చున్నాడు. మూడోసారి ఊర్మిల చేత చదివించుకున్నాడు.

ఉత్తరం తీసుకుని మళ్లీ ఎస్సై దగ్గరికి పరుగెత్తాడు. ఎస్సై అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిండ్ల బెదిరింపు ఏడున్నది? రాగలరు, తేగలరు అని రాసిండ్రు. మేం ఇచ్చే నోటీసులే ఇంతకన్న గట్టిగుంటయ్." ఆయన యంత్రం అన్న మాట మీద వేలు పెట్టాడు. "ఆగు. గీ మిషనుకు వైరు లేదా?"

"లేదు సార్. గాలిల పోతది."

"అంటే వైర్‌లెస్సు. లైసెన్సు ఏది? వైర్‌లెస్సు మిషను పెట్టుకున్నవ్, దళం పిలుస్తున్నది, అది పట్టుకొని రమ్మంటున్నది. అసలు నువ్వెవల మనిషివి?"

గన్‌మన్ కోసం వచ్చిన రాజనర్సు చీకటి పడేదాకా ఠాణా బల్ల మీద కూర్చున్నాడు. చివరికి, సదరు యంత్రం ఇంతవరకు మేకలను, పాలామెను, పనివాళ్లను తప్ప ఎవరినీ పట్టలేదని కాగితం మీద రాసిచ్చి, సంతకం పెట్టి బయటపడ్డాడు.

బుధవారం ఆయన గుడ్డసంచిలో మిషను పెట్టుకుని చందుర్తి బస్సెక్కాడు. ఊర్మిల వెంట వస్తానంది. ఆడవాళ్లనేమీ అనరని తెలిసినా ఈసారి వద్దన్నాడు. బస్సు దిగి చేన్ల గట్ల మీద గంట నడిచాడు. గుట్ట కింద బండల నీడలో ఎనిమిది మంది తుపాకులతో కూర్చున్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. అందరికంటే ముందు దుర్గవ్వ కూర్చుని ఉంది. ఆమె అంతకు ముందు బస్సుకే వచ్చింది.

దళం నాయకురాలు అమృతకు ముప్పై లోపే ఉంటాయి. మలేరియా పడి లేచినట్టు ముఖం పాలిపోయి ఉంది. మిషను రెండు ముక్కలూ బండ మీద పెట్టించింది. ఒకతన్ని దాని ముందు నడవమంది. అది కీచుమనగానే గుట్ట మీద కాపలా ఉన్నతను గిరుక్కున తిరిగి తుపాకీ ఇటు చూపించాడు. ఆమె చెయ్యి ఎత్తితే దించాడు. ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుని తిరిగిన ప్రాణభయం ఎలా ఉంటుందో రాజనర్సుకు ఆ క్షణంలో తెలిసింది. గొళ్లెం పెట్టుకోవడానికి అక్కడ నడిమిల్లు లేదు, చూసి రమ్మని పంపడానికి ఊర్మిల లేదు. 

"ఎవలకు భయపడి పెట్టినవ్ ఇది?" అంది అమృత.

మీకే అంటే, ఏ తప్పు చేశావని భయం అంటారు. ఎవరికీ కాదంటే, మరి ఆడవాళ్లు వాగుకు పోయేది లెక్కపెట్టడానికా అంటారు. బస్సులో వల్లె వేసుకున్న జవాబులన్నీ ఒకదాని వెనక ఒకటి పనికిరాకుండా పోయాయి.

"నీ మీద ఎవలకన్న పగ ఉన్నదా?"

"లేదక్కా."

"పోలీసోళ్లకు చెప్పేటందుకు పెట్టినవా?"

"వాళ్లు నన్ను ఠాణాల కూసోవెట్టిండ్రక్కా."

"మరెందుకు?"

రాజనర్సు ముందు రెండే దారులున్నాయి, దుర్మార్గుడని ఒప్పుకోవడం, తెలివితక్కువవాడని ఒప్పుకోవడం. జీవితంలో మొదటిసారి సరైనది ఎంచుకున్నాడు. కోరుట్ల పెళ్లి చెప్పాడు. లూనా చెప్పాడు. గన్‌మన్ కోసం కుర్చీలోంచి లేపిన సంగతి, మూడో బంతి, పులుసు, ఎస్సై అడిగిన ప్రశ్న, షేకు ఖావాతో సహా చెప్పాడు.

"నాకు సుత ఒక ఉత్తరం అస్తే బాగుండనుకున్న. అచ్చింది. ఇగ సాలక్కా."

మొదట దుర్గవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నలభై మందీ నవ్వారు. తుపాకులు పట్టుకున్నవాళ్లలో ఇద్దరు అటు తిరిగారు. అమృత తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు కూర్చుంది, కాని కలం కదలలేదు. నవ్వు ఆగాక ఆమె దుర్గవ్వను అడిగింది.

"అవ్వా, ఏం జెయ్యాలె ఈయనను?"

"కొట్టకుండ్రి బిడ్డా. మనిషి చెడ్డోడు గాదు, ఉత్తోడు" అంది దుర్గవ్వ. "మాకో దొడ్డి కట్టియ్యుమను."

తీర్పు అదే అయింది. నెల రోజుల్లో షెడ్డు వెనక ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించాలి. మిషను మళ్లీ ఆ గేటుకు కనబడొద్దు. రాజనర్సు చెంపలు వేసుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు, వాళ్లు అడగలేదు. ఇంటికొచ్చి రెండు పూటల అన్నం ఒకేసారి తిని పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున బస్టాండు గోడ మీద, చాయ హోటల్ మీద, ఆయన సొంత షెడ్డు గోడ మీద పాత పేపర్లపై ఎర్రగా రాసిన కాగితాలు వెలిశాయి.

"సిరిసిల్ల ఆసామి రాజనర్సుకు మా వల్ల ఎలాంటి ప్రాణభయం లేదు. ఆయనను శిక్షించాల్సిన అవసరం ప్రజలకు కలగలేదు."

సేటు అని కూడా రాయలేదు.

అన్నలు వేసిన కాగితం చింపే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి అది అలాగే ఉంది. హోటల్లో కూర్చుంటే, "నీకేం భయం లేదట గదా" అని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ పలకరించారు. ఎస్సై ఒకరోజు జీపు ఆపి మరీ సంతోషం చెప్పిపోయాడు. రాజనర్సు చాయ ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాడు.

ఆ పక్క ఆదివారం మిట్టమధ్యాహ్నం భూమయ్య వచ్చాడు. ఇద్దరు గన్‌మన్లనూ జీపులోనే ఉంచి లోపలికి వచ్చాడు. నెలన్నరలో మనిషి చొక్కాలో వదులయ్యాడు. కాగితం చదివి ఎగతాళి చేయడానికి వచ్చాడనుకుని రాజనర్సు ముఖం గంటు పెట్టుకున్నాడు.

"తమ్మీ, గోడ మీది కాయితం చూసిన" అన్నాడు భూమయ్య. "గది ఎట్ల రాయించుకున్నవ్?"

"రాయించుకునుడేంది అన్నా. వాళ్లే ఏసిండ్రు. ఇజ్జత్ పోయింది."

"నాకు గసొంటిది ఒక్కటి ఇప్పియ్యి. నువ్వు ఎవలను కలిసినవో నన్ను గాడికి తోలుకపో. నీ కాళ్లు మొక్కుత."

రాజనర్సు వేళాకోళం అనుకున్నాడు. కాని భూమయ్య నిజంగానే వంగబోతే పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండో ఉత్తరం వచ్చిందట. దానిలో గారు లేదు, గలరు లేదు. ఆకు కట్టకు కూలి పెంచుతానని ఒప్పుకుని, ఆకు తెంపించుకుని, గన్‌మన్ల అండ చూసుకుని ఎగ్గొట్టాడు. చేసింది తప్పేనని తనే అన్నాడు.

"గన్‌మన్లున్నరు గదా" అన్నాడు రాజనర్సు.

"ఉన్నరు. వాళ్లు నన్ను కాస్తున్నరో, నేను వాళ్లను సాదుతున్ననో ఎరుకైతలేదు. దొడ్డికి పోతే సుత తలుపు బయట బూట్ల సప్పుడు. నేను కంటినిండ పండుకోక నెలైంది తమ్మీ." కుర్చీ ముందుకు జరుపుకుని, "నీ మిషను ఖాళీగనే ఉన్నదట గదా. నాకియ్యి" అన్నాడు.

రాజనర్సు ఇచ్చాడు. బిగించడానికి జగిత్యాల నుంచి గంగారాంను పిలిపించి, తను కూడా భూమయ్య ఉండే కోరుట్లకు పోయాడు. భూమయ్య ఇంటికి వీధివైపు కిటికీలు రెండూ ఇటుకలతో మూసేసి ఉన్నాయి. పట్టపగలు లోపల బల్బు వెలుగుతోంది. గన్‌మన్లలో ఒకరు వరండాలో పేపరు చదువుతున్నారు, ఇంకొకరు కూరగాయలకు పోయారు. మిషను బిగించడం అయ్యాక ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు.

గౌరవ్వ బిందెతో గేటులోంచి వచ్చింది. మిషను మోగింది.

భూమయ్య చేతిలో ముద్ద ఉండగానే లేచి పోయి వడ్ల గుమ్మి వెనక నిలబడ్డాడు. తన ఇంట్లో రాజనర్సు రోజుకు పదిసార్లు చేసిన పనే అది. అప్పుడు చూసేవాళ్లుంటే బాగుండనిపించేది. ఇక్కడ గుమ్మి పక్క నుంచి ముద్ద పట్టుకున్న భూమయ్య చెయ్యి కనబడింది. రాజనర్సు విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. గౌరవ్వ బిందె దించి, "నేనే" అంది. ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ అలవాటుగా చెబుతున్నట్టుంది ఆ మాట.

"మోత జెర తగ్గియ్యరాదా" అని రాజనర్సు గంగారాంతో మెల్లగా అన్నాడు.

"తగ్గిస్తే ఇనవడది సేటూ" అన్నాడు గంగారాం.

ఇంటికొచ్చాక, అక్క ఎలా ఉందని ఊర్మిల అడిగింది. రాజనర్సు ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పడం అయ్యేదాకా ఆమె ముఖం తిప్పుకోలేదు. మరునాడు అక్కాచెల్లెళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. ఎగ్గొట్టిన కూలి ఊరూరా తిరిగి పంచి వచ్చింది గౌరవ్వ. గన్‌మన్లు వెంట లేకుండా, మొగుడు వెంట లేకుండా. మూడో ఉత్తరం రాలేదు. భూమయ్య మళ్లీ కాంట్రాక్టు పట్టలేదు. దసరా లోపు హైదరాబాదు పోయి గాజుల దుకాణం పెట్టుకున్నాడు. సర్కారు గన్‌మన్లను ఇంకెవరో పెద్దమనిషికి ఇచ్చింది.

షెడ్డు వెనక మరుగుదొడ్డి ఇరవై రోజుల్లోనే లేచింది. నీళ్ల తొట్టి కూడా కట్టించాడు రాజనర్సు. కట్టిన నాలుగు రోజులకే అది తన ఆలోచనేనని ఆయనకు గట్టిగా అనిపించింది. పనివాళ్ల కష్టం చూడలేకే కట్టించానని వచ్చినవాళ్లకు చెప్పాడు. ఆ దొడ్డి గోడ మీద చనిపోయిన తన తండ్రి పేరు పెద్ద అక్షరాలతో రాయించాలని పెయింటర్‌ను కూడా పిలిపించాడు. రాయించమనే దుర్గవ్వ అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఊర్మిల మాత్రం రంగు డబ్బా తీసి లోపల దాచి, పెయింటర్‌కు చాయ పోసి పంపించేసింది.